దండు చెంత నిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెఱుగని తెలుగు ఇల్లాలు లేదు. ఈ రెండు కార్యములయందును ముందుగా వేసికొన్న లెక్క చివరకు నిలువదు గనుకనే పెద్దలు వీనిని జంటగా జెప్పిరి. పెండ్లిమాట యటుండనిండు. ఇల్లు కట్టుట కోపిక లేనివారు కట్టిన యింటిని గొనుచున్నారు. అట్లు కొనువారిలో ననేకులు నేడు పెద్ద సైనికస్థావరముల చెంత, అనగా సికిందరాబాదు కంటోన్మెంటు, బెంగళూరుదగ్గఱి యలహంక వైమానికస్థావరము, విశాఖపట్టణపు నౌకాదళస్థావరము మున్నగువాని పరిసరములందు ఇండ్లను వెదకుచున్నారు. పురుషులు ధరను, దూరమును విచారింతురు. ఇంటి క్రింది నేల యెవరిదో విచారించుట తఱచుగా మఱచిపోవుదురు. ఆ మఱపునకు మూల్యము చెల్లించునది ఇల్లాలి బంగారము. కావున నీ నాలుగు మాటలు సోదరీమణుల కొఱకు వ్రాయుచున్నాము.

మా సీమ సంగతి చెప్పినగాని యీ ప్రశ్న బరువు తెలియదు. అనంతపురమున నేటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన గురియును. అదియు నదనున గురియుట యరుదు. మెట్టచేలలో వేరుసెనగ విత్తినవాడు ఆషాఢము మొదలు కార్తికమువఱకు నాకసమునే చూచుచుండును. బోరుబావి త్రవ్వించిన నీరు పడునను నమ్మకము లేదు. పడినను మఱువేసవికి నిలుచునను నమ్మకము లేదు. అందుచే జదువుకొన్న బిడ్డలు ఉత్తరమున హైదరాబాదునకో, దక్షిణమున బెంగళూరునకో జీతములకు బోవుచున్నారు. మా యూరిమీదుగా బోవు 44వ నంబరు జాతీయ రహదారి యీ రెండు పట్టణములను గలుపుచున్నది. చిత్రమేమనగా, ఆ దారి యొక దెస సికిందరాబాదు దండు నడుమనుండియు, మఱియొక దెస యలహంక స్థావరము ప్రక్కనుండియు బోవును. బిడ్డలక్కడ బాడుగయిండ్లలో గాపురముందురు. తల్లిదండ్రు లిక్కడ చేనమ్మి, నగలమ్మి, వారికొక గూడు గల్పింప జూతురు. పంటమీద నమ్మకము చెడినవారు గోడమీద నమ్మకముంచుట సహజమే. కాని కరవుసీమలో గూడబెట్టిన సొమ్ము ఒకసారి పోయినచో మరల గూడుటకు నొక తరము పట్టును.

దండు చెంత నిల్లు మంచిదనువారి మాటలో నిజము లేకపోలేదు. స్థావరము లోపల నిండ్లు పలుచగాను, చెట్లు దట్టముగాను ఉండును. కావున జుట్టుప్రక్కల గాలి హాయిగా వీచును. వీథులు శుభ్రముగా నుండును. రాత్రి పూట గావలి యుండును. సైనికులకు గ్వార్టర్లు చాలనపుడు వారి కుటుంబములు వెలుపల బాడుగకుండును. ప్రభుత్వము వారి కింటిబాడుగ భత్య మిచ్చును. అట్టివారు నెల మొదటనే బాడుగ చెల్లింతురు. రెండు మూడేండ్లకు బదిలీయై వెడలుదురు గనుక నిల్లు ఖాళీ చేయరను భయమును దక్కువ. ఉద్యోగము విరమించిన సైనికులు సయితము అలవాటుపడిన చోటనే స్థిరపడుదురు. సికిందరాబాదునకు జేరువనున్న సైనిక్‌పురి, వాయుపురి యను కాలనీల పేరులే యీ సంగతిని జాటుచున్నవి.

ఐనను బేరగాండ్రు చూపు సదుపాయములలో గొన్ని మనవి కావు. సైనికాసుపత్రియు, సైనిక క్యాంటీనును దండువారికే గాని ప్రక్కయింటివారికి గావు. కేంద్రీయ విద్యాలయమున బ్రవేశమునకు గేంద్రప్రభుత్వోద్యోగుల బిడ్డలకే మొదటి వరుస. కావున "ఆసుపత్రి యెదుటనే, బడి ప్రక్కనే" యని ధర పెంచి చెప్పినపుడు, ఆ ద్వారము మనకు దెఱువబడునా యని యడుగుట మంచిది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము: నేల యెవరిది? దీనికి సమాధానము తెలియుటకు గొంత చరిత్ర తెలియవలెను. ఆ చరిత్రలో మన సీమయు జేరియున్నది. 1798లో నిజాముగారు ఆంగ్లేయుల కంపెనీతో సంధి చేసికొని, వారి సైన్యమును దమ రాజ్యమున నిలుపుటకు నొడంబడిరి. ఆ సైన్యపు వ్యయమునకై 1800లో బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను గంపెనీకి దత్తముచేసిరి. అందుచేతనే మన సీమకు దత్తమండలములను పేరు వచ్చెను. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మన చేలను గొలిపించి శిస్తు గట్టెను. ఆ సైన్యము హుస్సేన్‌సాగరమున కుత్తరపు మైదానమున విడిసెను; 1806లో నిజాము సికందర్ జా పేరిట ఆ విడిదికి సికిందరాబాదని నామకరణమాయెను. ప్రజలు దానిని లష్కరని పిలిచిరి. ఉజ్జయిని మహాంకాళి జాతరను నేటికిని లష్కరు బోనాలనుటలో ఆ పేరే నిలిచియున్నది. అనగా మన మెట్టరైతు చెల్లించిన శిస్తు పేరుననే ఆ దండు పుట్టినది. నేడు ఆ రైతు మనుమని మనుమడే యక్కడ నిల్లు గొనబోవుచున్నాడు.

ఆ కాలమున దండులోని దొరలకు సర్కారు ఇండ్లు గట్టి యీయలేదు. "నేల మాది, దానిపై మీరు మీ సొమ్ముతో బంగళా కట్టుకొనుడు" అని యనుమతి యిచ్చెను. బంగాళా సైన్యమునకు 1836లో గవర్నరు జనరలు 179వ నంబరు ఉత్తరువు నిచ్చెను. చెన్నపట్టణపు, బొంబాయి సైన్యములకు నిట్టి నియమములే వేఱుగా నుండెను. ఆ యుత్తరువు సారమిది: నేలపై యాజమాన్యము సర్కారుదే, కట్టిన కట్టడము మాత్రము కట్టినవానిది. సర్కారునకు నేల కావలసినచో నొక నెల గడువిచ్చి, అనుమతితో గట్టిన కట్టడమునకు వెల కట్టి యిచ్చి, తిరిగి తీసికొనవచ్చును. ఈ పద్ధతిని "ఓల్డ్ గ్రాంటు" అందురు. కంపెనీ పోయెను, చక్రవర్తి పోయెను, స్వరాజ్యము వచ్చెను. ఆ యాజమాన్యము మాత్రము చేతులు మాఱి భారత ప్రభుత్వపు రక్షణశాఖకు జేరెను. అట్టి బంగళాలు దేశమందలి పాత కంటోన్మెంట్లు పెక్కింటను గలవు.

అందుచేత గంటోన్మెంటు లోపల నేలలన్నియు నొక్క తీరువి కావు. 1937 నాటి కంటోన్మెంటు భూపరిపాలన నియమములు వానిని వర్గములుగా విభజించినవి. "ఏ" వర్గము సైన్యపు వాడుకకు. "సి" వర్గము కంటోన్మెంటు బోర్డుది. "బి-3" వర్గము ప్రైవేటువారి యనుభవమున నున్నను బ్రభుత్వము యాజమాన్యమును దనకే యుంచుకొన్నది. ఈ వివరమంతయు జనరల్ ల్యాండ్ రిజిస్టరను పుస్తకమున వ్రాయబడియుండును. సైనికభాగపు నేలల రిజిస్టరు డిఫెన్సు ఎస్టేట్సు అధికారి కచేరిలోను, పౌరభాగపు నేలలది బోర్డు ముఖ్యాధికారి కచేరిలోను ఉండును. ఇల్లాలు గుర్తుంచుకొనదగిన పే రొక్కటి యున్నచో నదియే: జనరల్ ల్యాండ్ రిజిస్టరు. 1999లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశములోని సాగరు కంటోన్మెంటు బంగళా వ్యాజ్యమున నీ రిజిస్టరు వ్రాతకు విలువనిచ్చి, ఓల్డ్ గ్రాంటు నేలపై యాజమాన్యము ప్రభుత్వమున కుండునని తీర్పు చెప్పెను.

మా యెఱుకలో జరిగిన యొక సంగతి చెప్పుదుము. మా పొరుగూరి కుటుంబమొకటి వరుసగా బంటలు చెడగా నాలుగెకరముల మెట్టనమ్మి, హైదరాబాదున నుద్యోగము చేయు కుమారునికై యిల్లు వెదకిరి. దల్లాలి యొకడు కంటోన్మెంటు లోపల నొక పాత బంగళా ఆవరణమున బంచి గట్టిన యింటిని జూపెను. వెలుపలి ధరకన్న జాల దక్కువ. బయానాకై తన కడియములను, కాసులదండను అమ్మ నిశ్చయించిన ఇల్లాలు, మా యజమానులు బడిపంతులగుటచే, కాగితముల నకళ్లు మా యింటికి దెచ్చెను. "అయ్యవారమ్మా, ముద్రలన్నియు నున్నవి గదా, ఇంక నేమి చూడవలెను?" అని యామె యడిగెను. మేము పంక్తి పంక్తి చదివితిమి. నాలుగవ పుటలో, సరిహద్దుల తరువాత, విక్రేత తన "కట్టడమును, అనుభవహక్కును" విక్రయించుచున్నాడని యుండెను. నేల యను మాట యెచటను లేదు.

"అక్కా, దీనిలో గోడలున్నవి, కప్పున్నది, నేల లేదు" అని మేమంటిమి. ఆమె దల్లాలికి ఫోను చేసి యడుగగా, "నూఱేండ్లుగా నిట్లే కొనుచున్నారు, అమ్ముచున్నారు, ఎవరు వచ్చి లేపుదురమ్మా?" అని యాతడు నవ్వెను. "ఎవరును లేపరని నీవు వ్రాసి యిత్తువా?" అని యామె యడిగిన ప్రశ్నకు మాత్రము జవాబు రాలేదు. రిజిస్టరు నకలును, పేరుమార్పునకు అధికారుల యనుమతియు దెచ్చినగాని బయానా యీయమని యామె పట్టుబట్టెను. అవి రాలేదు, దల్లాలియు రాలేదు. ఒక సంవత్సరమునకు వారు దండు సరిహద్దునకు దూరముగా రెండు గదుల యిల్లు గొనిరి. అది చిన్నది, కాని నేలతో గూడినది. ధర తక్కువయగుట కెప్పుడు నొక కారణముండును. ఆ కారణమును దెలిసికొన్న తరువాతనే యది లాభమో నష్టమో తేల్చుకొనవలెను.

రిజిస్ట్రారు కచేరిలో దస్తావేజు నమోదైనంతమాత్రమున హక్కు స్థిరపడినదని మనలో జాలమంది నమ్ముదురు. అది సరికాదు. రిజిస్ట్రేషను అనగా నా కాగితము వ్రాయబడినదను సాక్ష్యమే గాని, విక్రేతకు హక్కున్నదను హామీ గాదు. తనది కానిదాని నెవడును అమ్మజాలడు. ఓల్డ్ గ్రాంటు కట్టడము చేతులు మాఱవలెనన్నను అధికారుల యనుమతి కావలెను. నేల ప్రభుత్వముదని యొప్పుకొనుచు గొన్నవారు పత్రము వ్రాసి యీయవలసియుండును. ఇక "జనరల్ పవరు" పత్రముమీద నిల్లమ్ముట మఱియొక మోసము. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు అట్టి పత్రముచేత యాజమాన్యము సంక్రమింపదని విస్పష్టముగా జెప్పెను. పేరున్న బ్యాంకు ఆ యింటిమీద నప్పీయ నిరాకరించినచో, దానిని మొదటి హెచ్చరికగా నెంచవలెను.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నిల్లమ్ముటకు ముందు ఇరుగుపొరుగు వారి యెదుట సరిహద్దులను జెప్పి ముమ్మారు ప్రకటింపవలెనను విధి గలదు. ఏల? హక్కులేనివాడు నలుగురి నడుమ నోరు విప్పలేడు గనుక. నేడు ముమ్మారు చాటించు నాచారము లేదు. ఐనను ఇరుగుపొరుగు ఇండ్లకు బోయి, ఇల్లాండ్రతో గొంతసేపు మాటలాడుటకు మనకెవరును అడ్డులేరు. "మీ పన్ను రసీదెవరి పేరిట వచ్చుచున్నది? ఎప్పుడైన నోటీసు వచ్చినదా?" అని యడిగినచో, దల్లాలి నెలరోజులు దాచిన సంగతి యర గంటలో బైటపడును.

రెండవ ప్రశ్న: అక్కడ నేమి కట్టవచ్చును? నేల పూర్తిగా మనదైనను, సరిహద్దు వెలుపలనే యున్నను, స్థావరమునకు దగ్గఱగానున్నచో గట్టడమునకు హద్దులుండును. రక్షణ నిర్మాణముల చుట్టును గట్టడములను నిషేధించు నధికారము ప్రభుత్వమునకు 1903 నాటి చట్టముచేతనే గలదు. ముంబయి కొలాబాలో సైనికస్థలముల చెంత లేచిన 31 అంతస్తుల ఆదర్శ సౌధము వివాదము 2010లో దేశమంతట మార్మ్రోగెను. 2016 ఏప్రిలులో బొంబాయి హైకోర్టు దానిని గూల్చుమని యాజ్ఞాపించెను. ఆ జూలైలో సుప్రీంకోర్టు కూల్చివేతను నిలిపివేసెను. ఈ వివాదము లేచిన తరువాత, 2011 మే నెలలో, రక్షణశాఖ స్థావరమునకు 100 మీటర్ల లోపల, నాలుగంతస్తులకు మించినదైనచో 500 మీటర్ల లోపల, గట్టడమునకు సైన్యము సమ్మతి కావలెనని సూచనలు చేసెను. 2016 అక్టోబరులో వానిని సడలించి, కొన్ని స్థావరములకు 10 మీటర్లనియు, కొన్నిటికి 100 మీటర్లనియు జాబితాలు వేసెను. ఇట్టి నియమములు మాఱుచుండును. కావున గొనుదినమున నేది యమలులో నున్నదో పురపాలక కచేరిలో వ్రాతమూలముగా దెలిసికొనవలెను. "ఇప్పుడు క్రింది యంతస్తు, బిడ్డ పెండ్లినాటికి మేడ" యని తలంచు కుటుంబమున కిది ముఖ్యము. మేడకు ననుమతి లేనిచో, ఆ తలపునకు నిచ్చిన ధర వ్యర్థమగును.

విమానస్థావరమైనచో నెత్తునకు హద్దు మఱింత దూరమువఱకు బ్రాకును, చప్పుడును వేఱు. యలహంకలో 1996 నుండి ఏరో ఇండియా యను విమాన ప్రదర్శనము జరుగుచున్నది. 2023లో ఆ ప్రదర్శనము సందర్భమున జనవరి 30 మొదలు ఫిబ్రవరి 20 వఱకు, స్థావరమునకు 10 కిలోమీటర్ల లోపల మాంసవిక్రయమును, హోటళ్లలో మాంసాహారమును నగరపాలకులు నిషేధించిరి. మాంసపు వ్యర్థములకై డేగలు మూగి విమానములకు దగులునను భయమే దీనికి గారణము. వంటయింటివఱకు స్థావరపు నియమము వచ్చునని యెవ రూహింతురు? అది తప్పని మేమనము; విమానము నడుపువాని ప్రాణము మన కూరకన్న మిన్న. ఇట్టివి ముందుగా దెలిసి కొనుట వేఱు, కొని తెలిసికొనుట వేఱు. పసిబిడ్డలును, వృద్ధులును గలవారు ఇల్లు చూడ బోవునపుడు ఆదివారము గాక పనిదినమున, విమానములు లేచు వేళ బోయి చూడవలెను.

మూడవ ప్రశ్న: మన యింటికి దారి యేది? సికిందరాబాదున మల్కాజిగిరి, సఫిల్‌గూడ, సైనిక్‌పురి వంటి చోట్లనుండి పట్టణమునకు బోవు దగ్గఱ త్రోవలు కొన్ని ఏ.ఓ.సీ. కేంద్రపు సైనికస్థలముల గుండా బోవును. భద్రతకై సైన్యమువారు పలుమాఱు ఆ త్రోవలను మూయగా, బడిబస్సులు, రోగులు, ఉద్యోగులు చుట్టుదారిని బోవలసివచ్చెను. 2018 మే నెలలో రక్షణశాఖ దేశమందలి కంటోన్మెంట్లలో మూయబడిన దారులను దెఱువుమని యుత్తరువు చేసెను. ఐనను సికిందరాబాదున వివాదము దానితో ముగియలేదు. మఱియొక ప్రక్క, ప్యారడైజు కూడలినుండి పోవు రెండు రహదారులపై గగనమార్గములకై సైనికస్థలముల నిచ్చుటకు గేంద్రము 2024లో నంగీకరింపగా, ఆ మార్చిలో శంకుస్థాపనలు జరిగెను. దారి మూతపడినచో నింటి విలువ తగ్గును. వెడల్పైనచో ముందరి గోడ పోవచ్చును. కావున "స్థావరము గుండా పది నిమిషములు" అను ప్రకటనను నమ్మక, ఆ ద్వారము మూసియున్న దినమున నెంతసేపు పట్టునో లెక్కించుకొనవలెను.

దీనితో జేరినదే నీటి ప్రశ్న. కరవుసీమవారికి వేఱుగా జెప్పనక్కఱలేదు. కంటోన్మెంటు లోపలి యిండ్లకు నీరు, పారిశుద్ధ్యము, పన్ను, కట్టడపు టనుమతి సమస్తము బోర్డు చేతిలోనివి, వెలుపలివారికి నగరపాలకసంస్థ. 2011 జనాభా లెక్కల ప్రకారము సికిందరాబాదు కంటోన్మెంటున 2,17,910 మంది యుండిరి. వారి బోర్డునకు 2015 జనవరిలో నెన్నికలు జరిగెను. ఆ సభ్యుల గడువు తీఱిన తరువాత, 2023 ఏప్రిలు 30వ తేదికి బ్రకటింపబడిన యెన్నికలు ముందు నెలలోనే రద్దయ్యెను. ఆ సంవత్సరముననే హిమాచలప్రదేశములోని యోల్ కంటోన్మెంటు రద్దుచేయబడెను. సికిందరాబాదు పౌరభాగమును నగరముతో గలుపుటను గూర్చియు జర్చలు సాగినవి. వీథి కొళాయి చెడినపుడు మన మెవరి తలుపు తట్టవలెనను ప్రశ్నకు, ఇల్లు గొనక ముందే సమాధాన ముండవలెను.

నాలుగవ ప్రశ్న: దండు నిలుచునా? ఇది యడుగు వారరుదు. సైన్యము కొండవంటిదని, కదలదని తలంతురు. మన ప్రక్కనున్న బళ్లారిని జూడుడు. కంపెనీ కాలమున నది పెద్ద దండు. నేటికిని రైలుస్టేషనొకటి బళ్లారి కంటోన్మెంటను పేరుతో నున్నది. కాని దేశమందలి కంటోన్మెంట్ల జాబితాలో బళ్లారి లేదు. 1809లో నేర్పడిన బెంగళూరు దండు 1949లో నగరపాలకసంస్థలో గలిసిపోయెను. కర్ణాటకమున నేడు కంటోన్మెంటుగా మిగిలినది బెళగావి యొక్కటియే. బెంగళూరునకు వేఱు వృత్తులు, వేఱు వర్తకములు ఉండెను గనుక నచటి ఇండ్ల విలువ పెరిగినది. సైనికుని బాడుగయే యాధారముగా నిల్లు కొన్నవాడు దండుతో బాటు కదలలేడు. కావున దండు లేకున్నను నిలువగల పట్టణమున గొనుటయే క్షేమము.

యుద్ధకాలమును సైత మొక్కసారి తలంపవలెను. 1942 ఏప్రిలు 6వ తేదిని జపాను విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసినవి. రేవుపట్టణములవారు బిడ్డల నెత్తుకొని లోపలి గ్రామములకు దరలిరి. 1968లో దూర్పు నౌకాదళ కేంద్రము విశాఖపట్టణమున నేర్పడెను, నేడది మహానగరము. ఆనాడు భయపడి యమ్మినవారిని, నిలిచి సుఖించినవారిని లెక్కించుట మా యుద్దేశము గాదు. కోట చెంత నుండువానికి గోట కాపును గలదు, కోటకు వచ్చు నాపదలో బాలును గలదు. గుత్తి, పెనుగొండ కోటల నీడలో నివసించిన మన సీమవారి కిది క్రొత్త సంగతి గాదు.

ఇట్టి ఆశ మన యింటి ముంగిటికిని వచ్చినది. గోరంట్ల మండలములోని పాలసముద్రమునొద్ద, రక్షణశాఖకు జెందిన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థకు స్థలము కేటాయింపబడినది. అచ్చటనే కస్టమ్సు శిక్షణాలయము 2024 జనవరి 16న బ్రారంభింపబడినది. పెనుగొండ చెంత కియా కార్ల కర్మాగారము 2019లో దెఱువబడినది. ఇట్టి చోట్ల రహదారి ప్రక్కన రంగురాళ్లు పాతి, "రేపిచ్చట దండు వచ్చును, ధర పదింతలగును" అని ప్లాట్లమ్మువారు రాకమానరు. కర్మాగారము దండు గాదు. కేటాయించిన స్థలము కట్టిన కట్టడము గాదు. పుకారు దస్తావేజు గాదు. చేనును లేఅవుటుగా మార్చుటకు ననుమతి యున్నదా, దారి ప్రభుత్వ పటములో నున్నదా, నీరెంత లోతున నున్నది, అను మూడు ప్రశ్నలు రేపటి ధరకన్న ముఖ్యములు.

ఇక స్త్రీధనము మాట. ఇల్లు కొనునపుడు మొదట నమ్మబడునది ఆడుదాని బంగారము. దస్తావేజులో జివరకును గనబడనిది ఆమె పేరు. ఇది ధర్మము గాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ సంపాదించిన, ఆమె చేతిలోనున్న యాస్తిపై నామెకు సంపూర్ణ హక్కు నిచ్చినది. కావున నగలమ్మి యిల్లు గొన్నచో, భర్తతో బాటు భార్య పేరును గ్రయదస్తావేజున జేర్పుమని కోరుట స్వార్థము గాదు, గృహరక్షణము. పేరున్నచో సంతకము కావలెను. సంతకము కావలసినచో గాగితమును జదువవలెను. చదివిన కనులు రెండు గాక నాలుగైనచో మోసము సగము తగ్గును.

లక్కయింటి కథను మన మందఱము విన్నాము. చతుశ్శాల మనోహరముగా నుండెను. శయ్యలు మెత్తగా నుండెను. ఐనను ధర్మరాజు లోన నడుగిడినంతనే గోడల వాసనను బట్టి లక్కయు నేయియు గలిసినవని గ్రహించెను. విదురుని హెచ్చరికను మనసున నుంచుకొని, బైటికి దారి ముందుగా ద్రవ్వించుకొనెను. కుంతీదేవి బిడ్డలతో బ్రదికి బయటపడుటకు గారణము బలము గాదు, పరీక్ష. ఇల్లెంత సొగసుగా నున్నను దానిని దేనితో గట్టిరో, దేనిపై గట్టిరో చూచుట పిఱికితనము గాదు.

దండు చెంత నిల్లు కొనవద్దని మేము చెప్పుట లేదు. దేశమును గాచువారి యిరుగుపొరుగున నుండుట మర్యాదయే. భర్త సరిహద్దున నుండగా నొంటరిగా బిడ్డలను బెంచు సిపాయి భార్యకు మంచి యింటిగలావిడ దొఱకుట యామె భాగ్యము. అట్టి యద్దెదారు దొఱకుట మన భాగ్యము. సరిహద్దు వెలుపల, నేలతో సహా మనదగు నింటిని, నియమము లొప్పుకొన్న దూరమున, దండు దారితో బాటు వేఱు దారియు గలచోట గొనినచో మేలే జరుగును. లోపల గొనదలచినచో జనరల్ ల్యాండ్ రిజిస్టరు నకలు, పాత దస్తావేజుల వరుస, ముప్పదియేండ్ల ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు, బోర్డు కట్టడపు టనుమతి, పేరుమార్పు టనుమతి చేతికి వచ్చి, తగిన వకీలు చదివి చెప్పినగాని బయానా యీయవలదు. ఈ కాగితములకు బట్టు కాలము రెండు మాసములైనను గానిండు. మన సీమలో ఒక్క వానకై మూడు మాసములు వేచియుండ నేర్చినవారము. ఒక కాగితమునకై రెండు మాసములు వేచియుండలేమా?